క్యూబ్రిక్‌ని ఓడించిన పెద్దాయన

ఈ వ్యాసం కోపంతో మొదలైంది, ముందే చెప్పేస్తున్నా.

పోయిన సెమిస్టర్‌లో ఒక శనివారం రాత్రి మా హాస్టల్ రూమ్‌లో '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' చూశాం. సీఎస్ఈ వాళ్ళకి హాల్ అనే ఆ కంప్యూటర్ కులదైవం లాంటిది. సినిమా అయ్యాక అలవాటు ప్రకారం ఫోన్ తీసి, దీనికి ఎన్ని ఆస్కార్లు వచ్చాయో వెతికా. ఒక్కటే వచ్చింది, అదీ విజువల్ ఎఫెక్ట్స్‌కి. 1968 సినిమాలకి బెస్ట్ డైరెక్టర్ అవార్డు స్టాన్లీ క్యూబ్రిక్‌కి కాకుండా కరోల్ రీడ్ అనే ఆయనకి ఇచ్చారు. ఏ సినిమాకి? 'ఆలివర్!' అనే పాటల సినిమాకి. టైటిల్‌లోనే ఆశ్చర్యార్థకం ఉంది.

పేరు చూసి ముందు ఆవిడ అనుకున్నా. కాదు, ఆయనే. తిట్టుకోవడానికే ఆ సినిమా డౌన్‌లోడ్ చేశా. ఒకటిన్నర స్పీడ్‌లో పెట్టా. అరగంట తర్వాత నాకు తెలియకుండానే మామూలు స్పీడ్‌కి మార్చేశా. ఆ తర్వాత రెండు వారాలు ఎండ్ సెమ్ చదవాల్సిన టైమ్‌లో ఈయన జీవితం చదివా. నా గ్రేడ్ అడక్కండి.

కరోల్ రీడ్ 1906 డిసెంబర్ 30న లండన్‌లోని పట్నీలో పుట్టారు. తండ్రి సర్ హెర్బర్ట్ బీర్‌బోమ్ ట్రీ. ఆ రోజుల్లో లండన్ నాటకరంగానికి ఆయన మకుటం లేని మహారాజు. హిజ్ మెజెస్టీస్ అనే పెద్ద థియేటర్ ఆయనదే. ఇవాళ రాడా అని పేరున్న నటశిక్షణ సంస్థని 1904లో మొదలుపెట్టిందీ ఆయనే. కానీ కరోల్ తల్లి ఆయన పెళ్ళాం కాదు. ట్రీకి వేరే చోట భార్య, ముగ్గురు కూతుళ్ళు ఉన్నారు. పట్నీలో మే పిన్నీ అనే ఆవిడతో ఇంకో ఇల్లు నడిపారు. ఆ ఇంట్లో ఆరుగురు పిల్లలు, అందులో ఐదోవాడు మన కరోల్. పిల్లలకి తండ్రి ఇంటిపేరు రాలేదు. తల్లి పెట్టుకున్న రీడ్ అనే పేరే వచ్చింది. ట్రీ అంటే చెట్టు, రీడ్ అంటే రెల్లు. మన తెలుగులో ఏ రచయితైనా కథలో ఇలా పేర్లు పెడితే మరీ అతి చేశాడని మనమే అనేవాళ్ళం.

ట్రీ ఆ కుటుంబాన్ని గాలికొదిలేయలేదు, డబ్బుకి లోటు రానివ్వలేదు. కానీ 1917లో పోయారు. అప్పటికి కరోల్‌కి పదేళ్ళు. తండ్రి గురించి గర్వంగా చెప్పుకోవాలని ఉన్నా, గట్టిగా చెప్పుకోలేని పరిస్థితి ఆ పిల్లాడిది.

ఇక్కడో విషయం గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది. 1905లో, అంటే కరోల్ పుట్టడానికి ముందు ఏడాది, ట్రీ తన థియేటర్‌లో డికెన్స్ 'ఆలివర్ ట్విస్ట్'ని నాటకంగా వేశారు. అందులో జేబుదొంగ పిల్లలకి గురువైన ఫాగిన్ వేషం తనే కట్టారు.

కరోల్‌కి చిన్నప్పటి నుంచీ నాటకాల పిచ్చి. వాళ్ళమ్మకి మాత్రం అది ఇష్టం లేదు. కాంటర్బరీలో కింగ్స్ స్కూల్ చదువు అయ్యాక కొడుకుని ఎక్కడికి పంపిందో తెలుసా? అమెరికాలో కోళ్ళ ఫారంకి! అక్కడ పని నేర్చుకుని బాగుపడతాడని ఆవిడ ఆశ. (మన ఇళ్ళల్లో సీఎస్ఈ సీటు ఎలాగో అప్పుడు అక్కడ కోళ్ళ ఫారం అలాగన్నమాట.) కొన్ని నెలలకే తిరిగొచ్చేసి స్టేజీ ఎక్కాడు. నటుడిగా గొప్ప పేరేమీ రాలేదు. తర్వాత ఎడ్గర్ వాలెస్ అనే డిటెక్టివ్ రచయిత దగ్గర చేరి, ఆయన కథల్ని స్టేజీకి ఎక్కించే పనిలో ఉన్నాడు. 1932లో వాలెస్ పోయాక బాసిల్ డీన్ దగ్గర సినిమా పని మొదలుపెట్టి, 1935 కల్లా సొంతంగా డైరెక్టర్ అయ్యాడు.

మధ్యలో చాలా సినిమాలున్నాయి. యుద్ధం టైమ్‌లో గార్సన్ కానిన్‌తో కలిసి తీసిన 'ది ట్రూ గ్లోరీ'కి డాక్యుమెంటరీ ఆస్కార్ కూడా వచ్చింది. అవన్నీ దాటేసి 1947కి వస్తా, ఎందుకంటే ఆ మూడేళ్ళు మామూలువి కావు. 1947లో 'ఆడ్ మ్యాన్ అవుట్', 1948లో 'ది ఫాలెన్ ఐడల్', 1949లో 'ది థర్డ్ మ్యాన్'. వరసగా మూడేళ్ళు ఉత్తమ బ్రిటిష్ సినిమా బాఫ్టా ఈయనదే. 'థర్డ్ మ్యాన్'కి కాన్‌లో టాప్ ప్రైజ్ కూడా వచ్చింది. 1999లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వేసిన వంద బ్రిటిష్ సినిమాల లిస్టులో మొదటి నంబర్ దానిదే.

'థర్డ్ మ్యాన్' చివరి షాట్ గురించి చెప్పకుండా ఉండలేను. కథ రాసిన గ్రాహమ్ గ్రీన్, హీరో హీరోయిన్ దగ్గరైనట్టు ముగించాలనుకున్నాడు. రీడ్ ఒప్పుకోలేదు. శ్మశానం రోడ్డు మీద హీరో నిలబడి ఉంటాడు. దూరం నుంచి హీరోయిన్ నడుచుకుంటూ వస్తుంది, వస్తూనే ఉంటుంది, అతని వైపు కన్నెత్తి చూడకుండా దాటి వెళ్ళిపోతుంది. అంతే, సినిమా అయిపోతుంది. తర్వాత గ్రీన్ కూడా రీడ్ చేసిందే కరెక్ట్ అని ఒప్పుకున్నాడు. సుఖాంతం అంటే అంత అనుమానం ఉన్న మనిషి ఈయన.

1952లో సర్ బిరుదు వచ్చింది. ఆ తర్వాత మెల్లగా జారుడు. 1956లో 'ట్రాపీజ్' లాంటి హిట్ ఉంది కానీ పాత మెరుపు లేదు. 'మ్యూటినీ ఆన్ ది బౌంటీ' షూటింగ్‌లో మార్లన్ బ్రాండోతోనూ స్టూడియోతోనూ పొసగక మధ్యలోనే బయటికి రావాల్సి వచ్చింది. 1962లో రిలీజైన సినిమా మీద లూయిస్ మైల్‌స్టోన్ పేరుంది. 1965లో మైకెలాంజెలో మీద తీసిన 'ది ఆగనీ అండ్ ది ఎక్‌స్టసీ' భారీ ఖర్చుతో వచ్చి చతికిలబడింది. అరవైకి దగ్గరపడ్డాడు, బయటి జనం పని అయిపోయిందనుకున్నారు. మన భాషలో చెప్పాలంటే ఫైనల్ ఇయర్‌లో వరసగా బ్యాక్‌లాగ్స్, అదీ ఒకప్పుడు బ్రాంచ్ టాపర్‌కి.

ఇప్పుడు 'ఆలివర్!' సంగతి. లండన్ ఈస్ట్ ఎండ్‌లో ఒక యూదు దర్జీ కొడుకు లయొనెల్ బార్ట్. అతనికి స్వరాలు చదవడం, రాయడం రాదు. కూనిరాగం తీస్తుంటే పక్కనున్న వాళ్ళు రాసుకోవాలి. అలా కట్టిన పాటలతో 'ఆలివర్!' నాటకం 1960 జూన్ 30న వెస్ట్ ఎండ్‌లో మొదలై 2,618 ప్రదర్శనలు ఆడింది. దాన్ని సినిమాగా తీయడానికి జాన్ వుల్ఫ్ అనే నిర్మాత సిద్ధమయ్యాడు. ముందు అనుకున్న డైరెక్టర్ లూయిస్ గిల్బర్ట్. ఆయనకి ఇంకో స్టూడియోతో ఒప్పందం అడ్డుపడింది. అలా ఆ సీటు రీడ్ దగ్గరికి వచ్చింది. పాటల సినిమాలకి పేరున్న మనిషి కాదు, మొన్నటి సినిమా ఫ్లాపు. ఇదీ పోతే ఇంక ఎవరూ పిలవరు.

స్టేజీ నాటకాన్ని సినిమా చేయడం అంటే కెమెరా ముందు అదే నాటకం ఆడించడమేగా అనుకునేవాణ్ణి. కాదని ఈ సినిమా చూశాకే అర్థమైంది. స్టేజీ మీద షాన్ కెన్నీ అనే డిజైనర్ చెక్క మెట్లు, దూలాలతో తిరిగే సెట్ ఒకటి కట్టాడు. అది జనం కళ్ళ ముందే తిరిగి అనాథాశ్రమం కాస్తా దొంగల గుహ అయిపోయేది. నాటకం గొప్పతనంలో సగం అదే. సినిమాలో ఆ ట్రిక్ దండగ, అక్కడ ఒక్క కట్‌తో ఎక్కడికైనా వెళ్ళొచ్చు. అందుకని రీడ్, ఆర్ట్ డైరెక్టర్ జాన్ బాక్స్ కలిసి పూర్తిగా వేరే దారి పట్టారు. షెపర్టన్ స్టూడియోలో పాత లండన్‌నే కట్టేశారు. ఒక పక్క బురద, మురికి సందులు, కూలిపోతున్న మెట్లు. ఇంకో పక్క తెల్లటి మేడలు వంపు తిరిగిన డబ్బున్నవాళ్ళ వీధి. (తమాషా ఏంటంటే, క్యూబ్రిక్ '2001' షూటింగ్ మొదలుపెట్టింది కూడా 1965 చివర్లో ఇదే షెపర్టన్‌లో.)

ఆ తెల్లటి వీధిలో ఒక పాట ఉంది. పొద్దున్నే ఆలివర్ బాల్కనీలోకి వస్తాడు. కింద గులాబీలు అమ్మే అమ్మాయి కేక వేస్తూ వెళ్తుంది. తర్వాత పాలమ్మి, స్ట్రాబెర్రీలమ్మి, కత్తులు సాన పట్టేవాడు. ఒక్కొక్కరి కేక ఒక్కో రాగం, అవే ఒకదాని మీద ఒకటి పేరుకుని పాటైపోతాయి. నాటకంలో ఇది చిన్న ముక్క. సినిమాలో కొరియోగ్రాఫర్ ఓనా వైట్ దాన్ని వీధి వీధంతా ఆడేలా పెంచింది. మా ఊళ్ళో తెల్లారగట్ల కూరలమ్మీ, ఉప్పు బండి కేకలు విని పెరిగిన వాణ్ణి, నాకైతే ఒళ్ళు జలదరించింది. అప్పటిదాకా ఫోన్‌లో మునిగిపోయి ఉన్న మా రూమ్మేట్ ఈ పాటకి లేచొచ్చి నా మంచం మీద కూర్చున్నాడు.

నాకు ఎక్కువ నచ్చినవి మాత్రం రీడ్ తీసేసినవి, జరిపినవి. నాటకంలో విలన్ బిల్ సైక్స్‌కి ఒక పాట ఉంది. సినిమాలో లేదు. చుట్టూ అందరూ పాడుతుంటే వీడొక్కడే పాడడు, మాట కూడా తక్కువే. అందుకే వాడు గదిలోకి వస్తే గాలి ఆగిపోయినట్టుంటుంది. ఇంకోటి, సారాకొట్టులో నాన్సీ పాడే హుషారైన పాట. నాటకంలో అది రెండో అంకం మొదట్లో జనాన్ని ఊపడానికి. సినిమాలో దాన్ని కథ చివరికి జరిపారు. సైక్స్ కళ్ళు కప్పి ఆలివర్‌ని బయటికి దాటించడానికి నాన్సీ ఆ పాట ఎత్తుకుంటుంది. అదే ట్యూన్, అదే చిందు, కానీ ఇప్పుడు ఆమె ప్రాణం దాని మీద ఉంది. చూస్తుంటే నవ్వు రాదు. కోడ్‌లో ఒక్క లైన్ చోటు మారిస్తే ప్రోగ్రామ్ మొత్తం మారిపోతుంది చూడండి, అలాంటిది.

సైక్స్‌గా చేసింది ఆలివర్ రీడ్, అంటే కరోల్ తమ్ముడి కొడుకు. నాన్సీగా షాని వాలిస్. ఆలివర్‌గా చేసిన మార్క్ లెస్టర్‌కి తొమ్మిదేళ్ళు, వాడికి పాడటం రాదు. వాడి గొంతు నిజానికి సంగీత దర్శకుడి కూతురు క్యాథ్ గ్రీన్‌ది, ఆ సంగతి చాలా ఏళ్ళు బయటికి రానివ్వలేదు. పిల్లలతో పని చేయించడంలో రీడ్‌కి మంచి పేరు, 'ఫాలెన్ ఐడల్' అప్పటి నుంచీ. ఫాగిన్ దాచుకున్న నగల్ని ఆలివర్ దొంగచాటుగా చూసే సీన్‌లో ఆ కళ్ళల్లో ఆశ్చర్యం కోసం, రీడ్ కెమెరా పక్కన నిలబడి కోటులోంచి కుందేలు పిల్లని తీశాడట. మార్క్ లెస్టర్ పెద్దయ్యాక చెప్పుకున్న కథ ఇది. కుర్రాడు చూస్తున్నది నగల్ని కాదు, కుందేల్ని.

ఇక ఫాగిన్. నవలలో అతన్ని ఉరి తీస్తారు. డికెన్స్ అతన్ని పదే పదే యూదుడు అని పిలుస్తూ రాసిన తీరు చాలామందిని బాధపెట్టింది. 1948లో డేవిడ్ లీన్ తీసిన 'ఆలివర్ ట్విస్ట్'లో ఆ పాత్ర మేకప్ మీద పెద్ద గొడవే అయింది. బార్ట్ తనే యూదుడు, కాబట్టి ఫాగిన్‌ని భయపెట్టేవాడిగా కాకుండా నవ్వించే ముసలి మోసగాడిగా మార్చాడు. స్టేజీ మీద ఆ వేషం కట్టిన రాన్ మూడీనే సినిమాలోనూ తీసుకున్నారు. చివర్లో అతను దాచుకున్నదంతా బురదలో పోతుంది. మారిపోదామనుకుంటాడు. ఇంతలో పక్కకి శిష్యుడు డాడ్జర్ వస్తాడు, చేతిలో కొట్టేసిన పర్సు. ఇద్దరూ తెల్లవారే వెలుగులోకి గంతులేసుకుంటూ వెళ్ళిపోతారు.

'థర్డ్ మ్యాన్'లో ఇద్దర్ని కలపడానికి ససేమిరా అన్న మనిషి ఇక్కడ ఒక దొంగని ఉరికంబం నుంచి తప్పించి నడిపించుకుంటూ పంపేశాడు. నాకు ఆ షాట్ చూసినప్పుడల్లా 1905 నాటి ఆ స్టేజీ, ఫాగిన్ వేషంలో ఉన్న ట్రీ గుర్తొస్తారు. రీడ్ మనసులో ఆ సంగతి ఉందో లేదో, నేను మాత్రం ఇప్పుడు అది లేకుండా ఆ సీన్ చూడలేను.

1969 ఏప్రిల్‌లో ఆస్కార్లు. పదకొండు నామినేషన్లు, ఐదు అవార్డులు: ఉత్తమ చిత్రం, దర్శకత్వం, ఆర్ట్ డైరెక్షన్, సంగీతం, సౌండ్. వీటికి తోడు ఓనా వైట్‌కి గౌరవ ఆస్కార్. డైరెక్టర్‌గా రీడ్‌కి అది మూడో నామినేషన్, అప్పటికి అరవై రెండేళ్ళు. ఇంకో మ్యూజికల్ ఉత్తమ చిత్రం కావడానికి 2002 నాటి 'షికాగో' దాకా ఆగాల్సి వచ్చింది.

లయొనెల్ బార్ట్‌కి ఈ వైభవంలో దక్కింది తక్కువ. 1965లో 'ట్వాంగ్!!' అనే తన ఇంకో నాటకం మునిగిపోతుంటే దాన్ని నిలబెట్టడానికి 'ఆలివర్!' హక్కుల్ని చవగ్గా అమ్మేసుకున్నాడు. 1972లో దివాలా తీశాడు. టైటిల్‌లో రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టినా నిలబడలేదు, పాపం.

రీడ్ ఆ తర్వాత రెండే సినిమాలు తీశారు, రెండూ పెద్దగా ఆడలేదు. 1976 ఏప్రిల్ 25న చెల్సీలోని ఇంట్లో గుండెపోటుతో పోయారు. అరవై తొమ్మిదేళ్ళు.

నా గోడ మీద హాల్ ఎర్ర కన్ను పోస్టర్ ఇంకా అలాగే ఉంది. ఆ ఏడాది డైరెక్టర్ అవార్డు క్యూబ్రిక్‌కే రావాలని ఇప్పటికీ వాదిస్తా, రూమ్మేట్ ఒప్పుకోడు. వాడు ఈమధ్య పొద్దున్నే బ్రష్ చేసుకుంటూ ఆ గులాబీల పాట కూనిరాగం తీస్తున్నాడు.