చాపకూడు పెట్టిన మంత్రి

మాది దాచేపల్లి. నాగులేరు కారెంపూడి మీదుగానే మా ఊరికొస్తుంది. 12వ శతాబ్దంలో పల్నాటి యుద్ధం జరిగింది ఆ కారెంపూడిలోనే. కోడిపందెం షరతుకి మంత్రి బ్రహ్మనాయుడు ఒప్పుకోబట్టి మలిదేవరాజు ఏడేళ్లు రాజ్యం వదలాల్సొచ్చిందని వీరగాథ. నా లెక్కలో అది పెద్ద తప్పే. అయినా మనుషులు ఆయన్ని వదల్లేదు. ఎందుకంటారా? అన్ని కులాలవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడు. మాల కులంలో పుట్టిన కన్నమదాసుని కొడుకులా పెంచి సేనాపతిని చేశాడు. మన హెచ్‌ఆర్ క్లాసులో టీమ్ బిల్డింగ్ అంటే స్లైడ్లే కదా!

కార్తీకంలో వీరుల తిరునాళ్లలో, మందపోరు రోజున, ఇప్పటికీ చాపకూడు పెడతారు. కిందటేడు నేనూ తిన్నాను. పక్కన కూర్చున్నాయన నా ఇంటిపేరు అడగలేదు. నేనే అడగబోయి ఆగాను.