ఫ్రెడరిక్ విలియం స్టీవెన్స్

ఫ్రెడరిక్ విలియం స్టీవెన్స్ (1847 - 1900) బొంబాయిలోని విక్టోరియా టెర్మినస్ రైల్వే స్టేషను భవనమునకు రూపకల్పన చేసిన ఆంగ్ల వాస్తుశిల్పి. నేడు ఈ స్టేషను పేరు ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్. స్టీవెన్స్ తన వృత్తిజీవితమంతయు దాదాపు ఈ ఒక్క నగరములోనే గడిపి, ఇక్కడనే మరణించాడు.

బాల్యము, ఉద్యోగము

స్టీవెన్స్ ఇంగ్లాండులోని బాత్ పట్టణమందు జన్మించాడు. అక్కడనే చార్లెస్ డేవిస్ అను వాస్తుశిల్పి వద్ద శిష్యరికము చేశాడు. బాత్‌లోని ప్రాచీన రోమను స్నానశాలలను తరువాతి కాలములో త్రవ్వి వెలికితీసినది ఈ డేవిసే. 1867లో స్టీవెన్స్ భారతదేశపు ప్రజాపనుల శాఖలో చేరి, మొదట పూనాలోను, పిదప బొంబాయిలోను పనిచేశాడు. పాత కోటగోడలు పడగొట్టి, ఆ స్థలములలో పెద్ద భవనములు నిర్మించుచున్న కాలమది. రాయల్ ఆల్‌ఫ్రెడ్ నావికుల వసతిగృహము (1876) ఆయనకు మొదట పేరు తెచ్చినది. నేడు అందు మహారాష్ట్ర పోలీసు ప్రధాన కార్యాలయము ఉన్నది.

బోరీబందరు నుండి విక్టోరియా టెర్మినస్

1853 ఏప్రిల్ 16న మన దేశపు మొదటి ప్రయాణికుల రైలు బోరీబందరు నుండి ఠాణాకు 34 కి.మీ. దూరము నడచినది. 14 పెట్టెలలో సుమారు 400 మంది అతిథులు ప్రయాణించారు. 1870లో ఈ మార్గము జబల్‌పూరు మీదుగా కలకత్తాకు కలిసినది. 1871లో రాయచూరు వద్ద మద్రాసు రైల్వేతో కలియుటచే ఆదోని, కడప ప్రాంతముల తెలుగువారికి కూడ బొంబాయికి రైలుదారి ఏర్పడినది. పాత బోరీబందరు స్టేషను ఇంతటి రాకపోకలకు చాలలేదు. అందుచేత గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే సంస్థ కొత్త స్టేషనును, తన ప్రధాన కార్యాలయమును ఒకే చోట కట్టదలచి ఆ పని స్టీవెన్స్‌కు అప్పగించినది. ఆయన ఐరోపాకు వెళ్ళి అక్కడి స్టేషనులను పరిశీలించి వచ్చాడు. లండనులోని సెయింట్ పాంక్రాస్ స్టేషను ప్రభావము ఈ భవనముపై స్పష్టముగా కనిపించును.

1878లో మొదలైన పని 1888లో పూర్తి అయినది. భవనము పూర్తి కాకమునుపే, 1882 నుండి, రైళ్ళు ఇక్కడకు రాసాగినవి. 1887లో విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవ సందర్భమున ఆమె పేరు పెట్టారు. మధ్యనున్న ఎనిమిది పలకల గుమ్మటము ఈ కట్టడములో అన్నిటికంటె గొప్పది. చెక్కిన రాతి పక్కటెముకలను ఒకదానిలో ఒకటి ఇమిడ్చి, క్రింద ఆధారపు చట్రము లేకుండ దీనిని లేపారు. దానిపై చేత కాగడా, చక్రము ధరించిన ప్రగతి విగ్రహమును థామస్ అర్ప్ చెక్కాడు. ద్వారస్తంభములపై బ్రిటనుకు గుర్తుగా సింహము, భారతదేశమునకు గుర్తుగా పులి ఉన్నవి.

మొత్తము వ్యయము సుమారు 16 లక్షల రూపాయలు. కొన్ని రచనలలో ఇది స్టీవెన్స్ పొందిన పారితోషికమని వ్రాయబడినది. భవనపు ఖర్చంతయు శిల్పికే ముట్టినదనుట పొసగదు. అట్లే గోడలపైని నెమళ్ళు, కోతులు, ఆకులు, పూవుల చెక్కడపు పని లాక్‌వుడ్ కిప్లింగ్ చేయించినదని కొందరందురు. కిప్లింగ్ 1875లోనే లాహోరుకు వెళ్ళిపోయాడు. ఆ పని చేసినవారు జాన్ గ్రిఫిత్స్ ఆధ్వర్యములో బొంబాయి కళాపాఠశాల విద్యార్థులు. సహాయ ఇంజనీరు సీతారాం ఖండేరావు వైద్య, పర్యవేక్షకుడు ఎం.ఎం. జనార్దన్ పదేళ్ళ పనిని దగ్గరుండి నడిపించారు. స్టీవెన్స్ పేరు తెలిసిన వారిలో కూడ వీరి పేర్లు ఎరిగినవారు తక్కువ.

తరువాతి జీవితము

స్టేషనుకు ఎదురుగా ఉన్న నగరపాలక సంస్థ భవనము (1893), చర్చిగేటు వద్ద బొంబాయి బరోడా రైల్వే కార్యాలయము (1899) కూడ స్టీవెన్స్ రూపకల్పనలే. ప్రభుత్వము ఆయనకు సి.ఐ.ఇ. బిరుదు ఇచ్చినది. 1900 మార్చిలో మలేరియా జ్వరముతో బొంబాయిలో మరణించాడు. సమాధి శివడీ శ్మశానవాటికలో ఉన్నది. కుమారుడు చార్లెస్ ఫ్రెడరిక్ కూడ ఇదే నగరములో వాస్తుశిల్పిగా కొనసాగాడు.

స్టేషను పేరు 1996లోను, మరల 2017లోను మార్చబడినది. 2004లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది.