నగర పునర్నిర్మాత విశ్వేశ్వరయ్య

ఏటి ఒడ్డున ఊరు కట్టుకొనడం మానవునికి అనాదిగా వచ్చిన అలవాటు. నీరిచ్చి పోషించే ఆ యేరే ఒక్కొక్కప్పుడు ఇంటి మీదికి వస్తుంది. భద్రాచలం వద్ద గోదావరి 1986లో 75.6 అడుగుల మట్టానికీ, 2022లో 71.3 అడుగుల మట్టానికీ చేరింది. 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగి ఖమ్మం పట్టణంలోని ఏటి ఒడ్డు వాడలను ముంచివేసింది. ఇట్టి ఊళ్లలో వాడలను ఎట్లు తీర్చిదిద్దవలెనో శతాబ్దం క్రిందటనే ఆలోచించిన మహనీయుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఆయన 1861లో మైసూరు సంస్థానంలోని ముద్దెనహళ్లిలో జన్మించారు. పూర్వులు నల్లమల చెంతనున్న మోక్షగుండం గ్రామం నుండి తరలిపోయినవారు. చిన్ననాటనే తండ్రి గతించగా, బెంగుళూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకొంటూ తాను చదువుకొన్నారు. పూనాలో ఇంజనీరింగు విద్య ముగించి, 1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో చేరారు. సుక్కూరు పట్టణానికి మంచినీటి సరఫరా, ఖడక్‌వాస్లా జలాశయానికి తమంత తామే తెరుచుకొనే తలుపులు ఆయన ప్రతిభకు తార్కాణాలు.

1908 సెప్టెంబరు 28న మూసీనది హైదరాబాదును ముంచెత్తింది. వేలాది ప్రజలు మరణించారు. వేలాది ఇండ్లు నేలమట్టమయ్యాయి. నిజాం ప్రభుత్వం ఆహ్వానించగా 1909లో విశ్వేశ్వరయ్య వచ్చారు. ఆయన కూలిన ఇండ్లను మాత్రమే చూడలేదు. నది ఎగువను పరిశీలించారు. పరీవాహక ప్రాంతంలోని 788 చెరువులలో 221 తెగిపోయాయని లెక్క తేలింది. ఒక చెరువు నీరు దిగువ చెరువు మీద పడగా, కట్టలు వరుసగా తెగి, ఆ నీరంతా నగరం మీదికి దూకిందన్నమాట.

కనుక ఆయన సూచించిన మొదటి చికిత్స, నగరానికి ఎగువన మూసీ, ఈసీ నదులపై రెండు జలాశయాలు. వరదను అక్కడ ఆపి, మెల్లగా క్రిందికి వదలవచ్చును. అయితే వరద ఆగినంత మాత్రాన నగరం బాగుపడదని ఆయన ఎరుగుదురు. గాలి వెలుతురు లేని సందులలో, మురుగు నడుమ, రోగానికి వరదతో పని లేదు. అందువల్ల భూగర్భపు మురుగు కాలువలు, విశాలమైన వీధులు, నదీతీరాన ఉద్యానాలు కూడ ఆయన ప్రణాళికలో చోటు చేసుకొన్నాయి.

ఆ ఏడాది చివరకే ఆయన మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్లిపోయారు. పనిని ఇతరులు సాగించారు. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఇరుకు వాడలను తొలగించి, అద్దె స్తోమతును బట్టి తరగతులుగా కొత్త ఇండ్లు నిర్మించింది. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆయన 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా సేవచేసి, 1955లో భారతరత్న పొంది, నూరేండ్లు దాటిన పిదప 1962లో కీర్తిశేషులయ్యారు.

విశ్వేశ్వరయ్య పనిలో ఒక వరుస కనిపిస్తుంది. ముందు నీటికి దారి, పిమ్మట మురుగుకు కాలువ, ఆపై వీధి, చివరకు ఇల్లు. మన శివారు వాడలలో ఈ వరుస తలక్రిందులైనది. స్థలం కొని ఇల్లు కట్టుకొంటాము; తరువాత వీధి కావాలంటాము; మురుగు ఇంటిలోకి వచ్చినపుడు కాలువ జ్ఞాపకం వస్తుంది; వాగు వచ్చినపుడు గాని అది వాగు దారియని తెలియదు. ఎంత గట్టి సిమెంటు వేసినా ఈ తప్పును ఇంటి గోడ ఒక్కటే దిద్దలేదు.

ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను ఏటేటా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటున్నాము. ఆనాడు ఉపాధ్యాయులు పటానికి పూలమాల వేయించి ఊరుకొనక, విద్యార్థులను వెంటబెట్టుకొని తమ వాడలో వాననీరు ఎటు నుండి వచ్చి ఎటు పోతున్నదో గుర్తింపజేసి, పటం గీయింపవచ్చును. వానకాలం ఇంకా వెళ్లిపోని రోజులవి. పాఠం కళ్లెదుటనే పారుతూ ఉంటుంది.