సర్ జాన్ చార్న్‌లీ

తుంటికీలు అరిగి నడువలేని వృద్ధులను మీరు చూచియుందురు. అట్టివారికి కృత్రిమపు కీలు నమర్చు విధానమును స్థిరపరచిన వైద్యుడు చార్న్‌లీ. ఈయన 1911వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన ఇంగ్లండు దేశమందలి బరీ పట్టణమున జన్మించెను. మాంచెస్టరులో వైద్యవిద్య నభ్యసించి, యుద్ధకాలమున సేనావైద్యుడై, పిమ్మట రైటింగ్టన్ ఆసుపత్రిలో తుంటికీళ్ల చికిత్సాకేంద్రమును నెలకొల్పెను.

ఉక్కుతో గుండును, టెఫ్లానుతో గిన్నెను చేయించి, దంతవైద్యులు వాడు ఆక్రిలిక్కును సిమెంటువలె నుపయోగించి యెముకలో బిగించెను. 1958 మొదలు దాదాపు 300 మంది ఇట్లు నొప్పి మాని నడచిరి. కాని కొలది యేండ్లకే టెఫ్లాను అరిగి, ఆ పొడి చుట్టునున్న కండను చెరచెను. కీళ్లను మరల తీయవలసి వచ్చెను. ఎంతటి కష్టము! చార్న్‌లీ దానిని దాచలేదు. ఆ పొడిని తన తొడలోనికే యెక్కించుకొని, కలిగిన వాపును లోకమునకు వెల్లడించెను.

1962లో ఒక వర్తకుడు పాలిథిలీను ముక్క తేగా, చార్న్‌లీ అది పనికిరాదని త్రోసివేసెను. ఆయన ఊర లేని సమయమున సహాయకుడు హారీ క్రేవెన్ దానిని అరుగుదల యంత్రమున నుంచెను. టెఫ్లాను ఒక్కదినమున అరిగినంత, ఇది మూడు వారములకును అరుగలేదు. ఇందు క్రేవెనుకే మొదటి మెప్పు చెందవలెనని నా తలంపు. ఆ నవంబరునుండి పాలిథిలీను గిన్నెలే అమర్చిరి.

1977లో ఈయనకు సర్ బిరుదము లభించెను. 1982 ఆగస్టు 5వ తేదీన మరణించెను. తమ మరణానంతరము ఆ కీళ్లను పరీక్షకై తీసికొనుటకు ఈయన రోగులనేకులు సమ్మతించియుండిరి.