ఎమిల్ బెర్లినరు

గ్రామఫోను పాట విని మురిసినవారు మా అనకాపల్లిలో పెక్కుమంది. ఆ రికార్డును కనిపెట్టినవాని పేరెరిగినవారు అరుదు.

ఎమిల్ బెర్లినరు 1851లో జర్మనీలోని హానోవరున యూదుల యింట జన్మించెను. 1870లో అమెరికా చేరి, బట్టలకొట్టులో గుమాస్తాయై, రాత్రివేళల శాస్త్రము నభ్యసించెను. 1877లో పిల్లలాడు డోలు, సబ్బుపెట్టె మున్నగు వానితోనే టెలిఫోనునకు మైక్రోఫోనును చేసెను.

నాటి ఎడిసను యంత్రమున పాట మైనపు గొట్టముపై నెక్కెడిది. ప్రతులు తీయుట కష్టము గనుక, గాయకుడు పాడినదే మరల మరల పాడవలసివచ్చెడిది. ఈ బాధ తొలగింప నెంచి, బెర్లినరు తుత్తునాగపు పళ్లెముపై తేనెమైనమును పలుచగా పూసెను. ధ్వనికి అటునిటు కదలు సూది మైనమును గీయును. గీచినచోట మాత్రమే ఆమ్లము లోహమును తినును. ఆ గాడులనుండి అచ్చు తీసినచో, ఒక్క పాటకు వేలకొలది ప్రతులు! చేతితో త్రిప్పు ఈ యంత్రమును 1888 మే 16న ఫిలడెల్ఫియాలో ప్రదర్శించెను.

అయినను 1900లో, వర్తకపు తగవున పుట్టిన న్యాయస్థానపు టుత్తరువుచే, తన యంత్రమును తానే అమెరికాలో అమ్మరాదాయెను. మాకిది మిక్కిలి కఠినముగ తోచుచున్నది. ఆయన కుంగక కెనడాలోని మాంట్రియలున వ్యాపారము సాగించెను.

1902లో కలకత్తాలో ఎక్కించిన మన దేశపు పాటలు సముద్రము దాటి, ఆయన పుట్టిన హానోవరుననే అచ్చుపడెను. 1929 ఆగస్టు 3న వాషింగ్టనున ఆయన కన్నుమూసెను.