రహీం సాబ్: ఉత్తకాళ్ల ఆటగాళ్లను ఒలింపిక్స్ సెమీఫైనల్ దాకా నడిపించిన బడి పంతులు

గోదావరిఖనిలో ఫస్ట్ షిఫ్టు దిగిన కార్మికులు ఇళ్లకు చేరి కాస్త నడుం వాల్చే వేళకు కాలనీ గ్రౌండ్లు పిల్లలతో నిండిపోతాయి. పరిశోధన పని మీద బొగ్గుబాయిల ప్రాంతంలో తిరిగిన రోజుల్లో మా సాయంత్రాలు చాలావరకు ఆ గ్రౌండ్ల గట్ల మీదే గడిచాయి. ఎటు చూసినా క్రికెట్టే. ఓ మూల మాత్రం ఫుట్‌బాల్ ఆడే గుంపు ఒకటి ఉండేది. వాళ్లలో సగం మందికి బూట్లు లేవు. 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమాను వాళ్లు ఫోన్లలో చూశారు. అజయ్ దేవగన్ పేరు తెలుసు. ఆయన వేసిన పాత్ర మన హైదరాబాద్ స్కూలు టీచర్‌దని, ఆ టీచర్ తయారుచేసిన ఆటగాళ్లలో చాలామంది మన పోలీసు శాఖలో చిరుద్యోగులని చెబితే నమ్మడానికి కొంచెం టైం పట్టింది. ఈ వ్యాసం మొదట ఆ పిల్లల కోసమే.

సయ్యద్ అబ్దుల్ రహీం దళితుడు కాదు, హైదరాబాదీ ముస్లిం. కులం గురించి పోరాడిన మనిషి కూడా కాదు. అయినా ఆయన జీవితాన్ని ఇక్కడ రాయడానికి మాకు ఒక కారణం ఉంది. పేదింటి పిల్లలకు ఉద్యోగం, మైదానం, మంచి గురువు ఈ మూడూ ఒకేసారి దొరికితే ఏమవుతుందో మన నేల మీద ఒకసారి జరిగి చూపించింది. ఎంతకాలం జరిగిందో, ఎందుకు ఆగిపోయిందో మనం తెలుసుకోవాలి.

బడి నుంచి మైదానానికి

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదివారు. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూల్ వంటి బడుల్లో పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆటల బాధ్యత తీసుకున్నారు. సొంతంగా మంచి ఆటగాడు. యూనివర్సిటీ టీముకు, ఆ తర్వాత నగర లీగులో పేరున్న కమర్ క్లబ్‌కు ఆడారు. 1940ల మొదట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. చనిపోయే వరకు ఆ పనిలోనే ఉన్నారు.

టీచర్ కాబట్టి ఆయన ఆటను కూడా టీచర్‌లాగే చూశారు. పిల్లలకు విచిత్రమైన నియమాలతో టోర్నమెంట్లు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాళ్ల మధ్య తిప్పుతూ ఒక్కడే పరుగెత్తకూడదు, అందగానే పక్కవాడికి పాస్ ఇవ్వాలి. ఇంకో పోటీలో బలహీనమైన కాలితోనే తన్నాలి. కుడికాలివాటం వాడు ఎడమకాలితో, ఎడమకాలివాటం వాడు కుడికాలితో. చూసేవాళ్లకు నవ్వులాట. కానీ రెండేళ్లు ఇలా ఆడిన పిల్లవాడికి రెండు కాళ్లూ వస్తాయి, తలెత్తి పక్కవాడిని చూసే అలవాటు వస్తుంది. ఇందులో మాకు ఇంకో విషయం కూడా కనిపిస్తుంది. అర్ధాకలితో పెరిగిన బక్కపలచని పిల్లలు ఎత్తూ బరువూ ఉన్న ప్రత్యర్థిని ఒంటి బలంతో నెట్టలేరు. బంతిని వేగంగా చేతులు మార్చినట్టు కాళ్లు మార్చగలిగితే ఆ బలంతో పని ఉండదు. ఆ పిల్లల దగ్గర ఏముందో చూసి, దాన్నిబట్టి ఆయన ఆటను కట్టారు.

పోలీసు టీము

1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. పోలీస్ యాక్షన్ అని మనం పిలిచే ఆ రోజుల్లో, ఆ వెంటనే జరిగిన హింసలో వేలమంది ముస్లింలు చనిపోయారు. సుందర్‌లాల్ కమిటీ ఆ సంఖ్యను 27 వేల నుంచి 40 వేల వరకు అంచనా వేసింది. సర్కారు కొలువుల్లోంచి ఎంతోమంది ముస్లింలను తీసేశారు. అదే కాలంలో తెలంగాణ పల్లెల్లో రైతుకూలీల సాయుధ పోరాటం మీద పోలీసు, సైన్యం విరుచుకుపడుతున్నాయి.

సరిగ్గా ఈ పరిస్థితుల్లో, 1950లో, హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీముకు రహీం కోచ్ అయ్యారు. ఈ క్లబ్ అంతకుముందే ఉంది. 1943లో బెంగళూరులో జరిగిన ఆష్ గోల్డ్ కప్‌లో బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ టీమును ఓడించి పేరు తెచ్చుకుంది. కానీ కలకత్తా పెద్ద క్లబ్బుల ముందు అది చిన్నదే. మోహన్ బగాన్‌కు, ఈస్ట్ బెంగాల్‌కు ఉన్నట్టు లక్షల అభిమానులు లేరు, డబ్బున్న పోషకులు లేరు. ఉన్నదల్లా శాఖ ఇచ్చే నెల జీతం, ఆటకు వెసులుబాటు.

1950 నుంచి 1954 వరకు బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్‌ను ఈ టీము వరసగా ఐదుసార్లు గెలిచింది. 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. 1954లో, 1957లో కూడా డ్యూరాండ్ హైదరాబాద్‌కే వచ్చింది. 1956, 1957లలో రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ రెండేళ్లు వరసగా గెలిచింది. ఈ క్లబ్ నుంచి సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ 1952, 1956 ఒలింపిక్స్‌లు రెండింటిలో భారత జట్టుకు ఆడారు. యూసుఫ్ ఖాన్ 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లారు. కొన్నేళ్ల ముందు అనుమానంగా చూసిన సమాజం నుంచి వచ్చిన కుర్రాళ్లు దేశం జెర్సీ వేసుకున్నారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. పోలీసు అన్న మాట మన వాడల్లో, బొగ్గుబాయిల్లో ఎలా వినిపిస్తుందో మాకు తెలుసు. ఆ శాఖ చేసినవన్నీ ఆ టీము గెలుపులతో కడిగేసుకుపోవు. అయితే కింది స్థాయి కొలువులో చేరి, అన్నానికి లోటు లేకుండా ఆటను పట్టుకున్న ఆ కుర్రాళ్ల కథ వేరు. ఆ కొలువే లేకపోతే వాళ్ల ఆట ఇరవై ఏళ్లకే ఆగిపోయేది.

హెల్సింకి నేర్పిన పాఠం

1950లోనే రహీం భారత జట్టు బాధ్యత కూడా తీసుకున్నారు. మరుసటి ఏడాది ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. ఆ ఆనందం ఎక్కువ రోజులు నిలవలేదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. ఆ చలిలో, తడి గడ్డి మీద మన ఆటగాళ్లలో చాలామంది ఉత్తకాళ్లతోనే ఆడారు. ఆ తర్వాతే ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది.

నియమం మంచిదే. కానీ బూట్లు తప్పనిసరి అన్నప్పుడు ఎవరికి కష్టం? కొనలేని ఇంటి పిల్లవాడికి. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం అలాంటి ఇంటివాడే. చిన్నప్పుడు బూట్ల కోసం చెప్పులు కుట్టే మనిషి దగ్గరికి వెళ్తే, పోలీసులు వాడి పారేసిన పాత బూట్లను కోసి ఆట బూట్లు చేసిపెడతానని, రెండు రూపాయలవుతుందని ఆయన చెప్పారట. బలరాం తల్లిని బతిమాలి ఆ రెండు రూపాయలు తెచ్చాడు. పెద్దయ్యాక ఆయనే చెప్పుకున్న సంగతి ఇది. బలరాం పేరు దేశమంతా తెలుసు. ఆ పాత తోలును కోసి, కుట్టి, ఒక పిల్లవాడి పాదానికి సరిపెట్టిన మనిషి పేరు ఎక్కడా లేదు. ఫుట్‌బాల్ అనే ఆటే తోలు బంతి మీద, తోలు బూటు మీద నడిచింది. ఆ తోలు పని చేసిన చేతులు ఏ కులాలవో ఈ వ్యాసం చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు.

బలరాంను హైదరాబాద్ జట్టులోకి తెచ్చింది రహీమే. సికింద్రాబాద్ నుంచి హైదరాబాద్ ప్రాక్టీసుకు రోజూ రావడానికి ఆ కుర్రాడి దగ్గర చార్జీలు లేవు. రహీం సైకిల్ ఏర్పాటు చేశారు. 1956 సంతోష్ ట్రోఫీ ఆడిన ఆ కుర్రాడు అదే ఏడాది ఒలింపిక్స్‌కు వెళ్లాడు. ఒక సైకిల్ ఎంత దూరం తీసుకుపోగలదో లెక్క వేసుకోండి.

మెల్‌బోర్న్ నుంచి జకార్తా దాకా

హెల్సింకి ఓటమి తర్వాత రహీం యూరప్ జట్ల ఆటను, ముఖ్యంగా హంగరీ ఆటను శ్రద్ధగా గమనించారు. సెంటర్ ఫార్వర్డ్‌ను గోల్ ముందు నిలబెట్టకుండా కాస్త వెనక్కి లాగి, అక్కడి నుంచి ఆటను అల్లించే పద్ధతిని మన జట్టులో పెట్టారు. ఆ తర్వాత నలుగురు వెనక, ఇద్దరు మధ్య, నలుగురు ముందు ఉండే 4-2-4 పద్ధతికి జట్టును మార్చారు. 1958 ప్రపంచ కప్‌లో బ్రెజిల్ గెలిచాక లోకమంతా చెప్పుకున్న పద్ధతి అది.

1956 మెల్‌బోర్న్‌లో భారత్ ఆస్ట్రేలియాను వాళ్ల సొంత గడ్డ మీద 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు అదే. సెమీస్‌లో యుగోస్లావియా చేతిలో, కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంలో నిలిచింది. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌ను 1-1తో నిలువరించింది. హంగరీ మీద, పెరూ మీద ఓడినా, ఆ రెండు మ్యాచ్‌ల్లోనూ మన గోల్ కొట్టింది అమ్ముగూడ బలరామే. ఆ జట్టులో రహీం కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు. ఒక్క మ్యాచ్‌లోనూ తండ్రి అతన్ని మైదానంలోకి దించలేదు.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం ఊపిరితిత్తులను క్యాన్సర్ తినేస్తోంది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయ్‌లాండ్, జపాన్ మీద గెలుపు. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం అతన్ని ఇంటికి పంపలేదు, వెనక కూడా పెట్టలేదు. సెమీఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు తెచ్చారు. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచారు.

ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా వీసాలు ఇవ్వకపోవడాన్ని భారత ప్రతినిధి జి.డి. సోంధీ తప్పుపట్టారు. దాంతో జకార్తా జనం భారత్ మీద మండిపడ్డారు. సెప్టెంబర్ 4న సెనయాన్ స్టేడియంలో లక్షమంది దాకా ప్రేక్షకులు, దాదాపు అందరూ మన జట్టుకు వ్యతిరేకం. చూడటానికి వచ్చిన పాకిస్తాన్ హాకీ జట్టు మాత్రం మనవాళ్లకు మద్దతుగా నిలిచింది. పి.కె. బెనర్జీ ఒకటి, తలకు కట్టుతో ఆడిన జర్నైల్ ఒకటి. మొదట ఓడించిన దక్షిణ కొరియాను 2-1తో ఓడించి చునీ గోస్వామి జట్టు స్వర్ణం అందుకుంది. ఆ పదకొండు మందిలో గోల్ కీపర్ పీటర్ తంగరాజ్, బలరాం, యూసుఫ్ ఖాన్ ముగ్గురూ మన హైదరాబాద్, సికింద్రాబాద్‌ల బిడ్డలు.

ఇంటికి వచ్చిన రహీం మంచాన పడ్డారు. 1963 జూన్ 11న చనిపోయారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు.

ఆ తర్వాత

ఆయన పోయాక భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ ముఖం చూడలేదు. ఆసియా క్రీడల్లో మళ్లీ స్వర్ణం రాలేదు. 1970 బ్యాంకాక్‌లో వచ్చిన కాంస్యమే చివరి పతకం. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాద్ సిటీ పోలీస్ నుంచి ఎదిగినవాడే.

కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో మొదలైంది, రహీం చనిపోయిన 22 ఏళ్లకు. అది ఎవరి పేరో కూడా గుర్తుంచుకోండి. శిష్యుడి బొటనవేలు కోయించుకున్న గురువు పేరు. వాడ నుంచి వచ్చిన పిల్లవాడికి సైకిల్ ఏర్పాటు చేసిన గురువు పేరు కాదు. చునీ, పి.కె., బలరాం అని ముగ్గురి పేర్లూ కలిపి చెప్పుకునే రోజుల్లోని ముగ్గురిలో మొదటి ఇద్దరికి పద్మశ్రీ వచ్చింది. 2023లో చనిపోయే దాకా బలరాంకు రాలేదు.

అవార్డుల కన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉందని మేము అనుకుంటున్నాం. రహీం కట్టిన మెట్లలో మొదటిది ప్రభుత్వ కొలువు. పోలీసు, రైల్వే, సైన్యం, మన సింగరేణి లాంటి సంస్థలు ఆటగాడిని ఉద్యోగిగా తీసుకున్నన్నాళ్లు, రిజర్వేషన్‌తోనో ఆటతోనో పేదింటి పిల్లవాడు లోపలికి అడుగు పెట్టగలిగాడు. ఇవాళ సింగరేణి ఏటా కార్మికులకు ఏరియాల మధ్య పోటీలు పెడుతుంది. కానీ అదే బొగ్గు తీసే పనిలో వేలమంది కాంట్రాక్టు కార్మికులున్నారు. కాంట్రాక్టు కార్మికుడికి మస్టర్ పడితేనే కూలి. ఆటకు సెలవు పెట్టడం అతనికి ఒక పూట అన్నం వదులుకోవడం.

గోదావరిఖని గ్రౌండ్లో ఒక పిల్లవాడు రహీం సాబ్ పద్ధతి మాతో చెప్పించుకుని, ఎడమకాలితో మాత్రమే ఆడే పోటీ వాళ్లలో వాళ్లే పెట్టుకున్నాడు. నవ్వులే నవ్వులు. ఉత్తకాళ్లు దుమ్ములో తడబడ్డాయి. ఆ పిల్లల్లో ఆట ఉంది. వాళ్లకు కావాల్సింది రహీం కాలంలో అమ్ముగూడ కుర్రాడికి దొరికిన ఆ కాసింత సాయం: ఆడుకోవడానికి కబ్జా కాని గ్రౌండు, ఆట నేర్పే గురువు, ఆడితే దొరికే పర్మనెంటు ఉద్యోగం. వీటిని అడగడం క్రీడాభిమానుల పని మాత్రమే అనుకుని మన విద్యార్థి సంఘాలు, కార్మిక సంఘాలు వదిలేస్తూ వచ్చాయి. మన డిమాండ్ల పత్రంలో ఈసారి అవి కూడా ఉండాలి.