పడిపోతున్న షేర్లలో ఎల్ఐసీ డబ్బు.. సొంత మామ సర్కార్‌నే నిలదీసిన ఫిరోజ్ గాంధీ!

నూజెండ్ల: షేరు ధర జారిపోతోంది. అంతలో పెద్ద సంస్థ ఒకటి కొనుగోళ్లు మొదలుపెట్టిందని ఫోన్‌లో మెసేజ్. ఇంకేం, చిన్న మదుపరులు ఎగబడతారు. వినుకొండ, నూజెండ్ల వైపు మిర్చి రైతుకు ఇది తెలిసిన కథే. యార్డులో రేటు పడినప్పుడు ఓ పెద్ద వ్యాపారి సరుకు ఎత్తితే ధర లేస్తుందని ఆశ పుడుతుంది. కానీ ఆయన ఎవరి దగ్గర కొన్నాడు, ఏ రేటుకు కొన్నాడు అన్నది ఎవరూ అడగరు. 1957లో దేశంలోనే అతిపెద్ద కొనుగోలుదారుని పట్టుకుని ఆ ప్రశ్నలు అడిగిన నేత ఒకరున్నారు. ఆయనే ఫిరోజ్ గాంధీ.

1912 సెప్టెంబర్ 12న బొంబాయిలో పార్శీ కుటుంబంలో పుట్టారు. పెరిగింది అలహాబాద్‌లో. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్లారు, 1942లో నెహ్రూ కుమార్తె ఇందిరను పెళ్లాడారు. 1952లో రాయబరేలీ నుంచి లోక్‌సభకు వచ్చారు. ప్రధాని అల్లుడైనా కూర్చున్నది మాత్రం వెనక బెంచీల్లోనే. మొదట్లో పెద్దగా మాట్లాడేవారే కాదు.

1955 డిసెంబర్‌లో నోరు విప్పారు. దాల్మియా చేతిలోని బీమా కంపెనీలో పాలసీదారుల సొమ్ము ఎలా పక్కదారి పట్టిందో లెక్కలతో సహా సభ ముందు పెట్టారు. దాల్మియాకు తర్వాత జైలు శిక్ష పడింది. నెలన్నర తిరక్కుండానే, 1956 జనవరి 19న జీవిత బీమాను ప్రభుత్వం చేతుల్లోకి తీసుకుంది. 245 సంస్థలు కలిసి ఎల్ఐసీ అయ్యాయి. భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా ఇన్సూరెన్స్ కూడా అందులో ఒకటి. అంటే మన తెలుగు పాలసీదారుల ప్రీమియం డబ్బూ ఆ ఖజానాలోకే చేరింది.

ఏడాది తిరగ్గానే అసలు గొడవ వచ్చింది. కలకత్తా వ్యాపారి హరిదాస్ ముంద్రా అప్పుల్లో మునిగారు. ఆయన కంపెనీల షేర్లు పడిపోతున్నాయి. ఆ సమయంలో, 1957 జూన్‌లో, ఎల్ఐసీ ఆరు ముంద్రా కంపెనీల్లో సుమారు రూ.1.25 కోట్ల షేర్లు కొనేసింది. జెస్సప్, రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్, బ్రిటిష్ ఇండియా కార్పొరేషన్ వంటివి అందులో ఉన్నాయి. పెట్టుబడుల కమిటీని ముందుగా సంప్రదించలేదు. కలకత్తా మార్కెట్‌ను నిలబెట్టడానికే కొన్నామన్నది సర్కార్ వాదన.

వినడానికి బాగానే ఉంది. కానీ మార్కెట్‌ను నిలబెట్టాలంటే మార్కెట్‌లో కొనాలి, పది కంపెనీలవి కొనాలి. ఇక్కడ కొన్నది నేరుగా ఒక్క మనిషి దగ్గర, ఆయన షేర్లే! అదీ మార్కెట్ రేటు కంటే ఎక్కువకు. లాభపడింది మార్కెట్ కాదు, అమ్మిన ముంద్రా.

1957 డిసెంబర్ 16న ఫిరోజ్ లోక్‌సభలో దీన్ని బయటపెట్టారు. ఆర్థిక మంత్రికి, ఆ శాఖ కార్యదర్శికి మధ్య నడిచిన ఉత్తరాలు కూడా ఆయన చేతికి చిక్కాయి. అధికార పార్టీ ఎంపీ, అందులోనూ ప్రధాని అల్లుడు. సభ అవాక్కయింది. నెహ్రూకు విచారణ వేయక తప్పలేదు.

బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా బహిరంగంగానే విచారణ జరిపారు. జనం పోటెత్తడంతో బయట లౌడ్‌స్పీకర్లు పెట్టాల్సి వచ్చింది. మార్కెట్ కోసం కొన్నామన్న వాదన నిలవలేదు. కార్యదర్శి చేసిన పనికి మంత్రే బాధ్యుడని చాగ్లా తేల్చారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ముంద్రా జైలుపాలయ్యారు.

ఇప్పుడైతే కంపెనీ షేర్లలో అర శాతం మించి ఒక్కరోజులో చేతులు మారితే ఆ వివరం ఎక్స్ఛేంజీ సైట్‌లో ఆ సాయంత్రమే కనిపిస్తుంది. అప్పట్లో అలాంటిదేమీ లేదు. ఓ ఎంపీ కాగితాలు తవ్వి తీస్తే తప్ప పాలసీదారుకు తెలిసే దారే లేదు.

1960 సెప్టెంబర్ 8న గుండెపోటుతో ఢిల్లీలో ఫిరోజ్ కన్నుమూశారు. 48 ఏళ్లు నిండటానికి ఇంకా నాలుగు రోజులే ఉంది. పార్లమెంట్‌లో జరిగింది పత్రికలు భయం లేకుండా రాసుకునేలా 1956లో ఆయన ఓ ప్రైవేటు బిల్లుతో చట్టం తెచ్చారు. ఎమర్జెన్సీలో, 1976లో, ఆయన భార్య ఇందిర ప్రభుత్వమే దాన్ని రద్దు చేసింది. 1977లో జనతా సర్కార్ మళ్లీ తెచ్చింది.